రెండేళ్లకే అరిగిన బుష్‌లు: 1968 మినీ స్టీరింగ్ కాలమ్ మీద ఒక కేస్ స్టడీ

కారు 1968 నాటి మార్క్ 2 మినీ, స్టీరింగ్ కుడివైపు. ఓనరు చెప్పిన కంప్లయింట్లు మూడు. స్టీరింగ్ వీల్ మీద చేతుల బరువు వేస్తే కొద్దిగా కిందికి దిగుతోంది, తీస్తే టక్‌మని పైకి లేస్తోంది. మలుపు తిరిగాక వీల్ తనంతట తాను నేరుగా రావడానికి బద్ధకిస్తోంది. ఇండికేటరు ఒకవైపుకి వేస్తే మలుపు అయ్యాక ఆగుతోంది, రెండోవైపుకి వేస్తే చేత్తో ఆపాల్సి వస్తోంది.

కాలమ్ అంటే వీల్ నుంచి కిందికి దిగే గొట్టం, దానిలోని షాఫ్టు. ఆ షాఫ్టుని పట్టుకుని సాఫీగా తిరగనిచ్చే తొడుగులే బుష్‌లు. ఆ రెండు బుష్‌లనీ రెండేళ్ల కిందటే వేరేచోట మార్పించారట. "మళ్లీ అవే పోయాయండీ. ఈసారి గట్టి రకం వేసేయండి, చాలు" అన్నారు.

నన్ను ఆపింది ఆ "మళ్లీ" అన్న మాట. మినీలో ఈ బుష్‌ల మీద పడే బరువు ఏపాటిది? వీల్ బరువు, డ్రైవరు చేతుల బరువు, అంతే. షాఫ్టు ఇంజనులోని క్రాంక్‌లాగా నిమిషానికి వేలసార్లు తిరిగేది కాదు. రోడ్డు మీద ఎక్కువసేపు అటో పది డిగ్రీలు, ఇటో పది డిగ్రీలు కదులుతుంది. ఇలాంటిచోట బుష్ దశాబ్దాలు నడవాలి, నడుస్తుంది కూడా. రెండేళ్లకే పోయిందంటే దాన్ని ఏదో పనిగట్టుకుని అరగదీస్తోందన్నమాట. అది దొరక్కుండా ఎంత గట్టి బుష్ వేసినా మళ్లీ రెండేళ్లకు ఇదే పని.

కాలమ్ ఎలా ఉంటుంది

ఈ కేసు అర్థం కావాలంటే మినీ కాలమ్ నిర్మాణం కాస్త తెలియాలి. 1959లో అలెక్ ఇసిగోనిస్ డిజైనుతో వచ్చిన ఈ కారులో చోటు కోసం ప్రతి అంగుళం లెక్కపెట్టుకున్నారు. స్టీరింగ్ రాక్, అంటే చక్రాలని అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీ, ముందు బల్క్‌హెడ్ (ఇంజనుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య గోడ) అడుగున అడ్డంగా పడుకుని ఉంటుంది. దాన్ని కదిపే చిన్న పళ్ల చక్రం, పినియన్, ఫ్లోరులోంచి పైకి తన్నుకుని వస్తుంది. కాలమ్ లోపలి షాఫ్టు నేరుగా ఆ పినియన్ పళ్ల మీద కూర్చుంటుంది, ఒక పించ్ బోల్టు దాన్ని బిగించి పట్టుకుంటుంది. మధ్యలో కోణం మారనిచ్చే యూనివర్సల్ జాయింటు లేదు, రబ్బరు కప్లింగు లేదు. వీల్ బస్సులో లాగా వాలుగా, బల్లపరుపుకి దగ్గరగా ఉంటుందని మినీ నడిపినవాళ్లంతా అంటుంటారు. కారణం ఇదే. పినియన్ ఏ కోణంలో ఉంటే కాలమ్ కూడా అదే కోణంలో ఉండాలి.

లోపలి షాఫ్టు చుట్టూ బయటి గొట్టం. ఆ గొట్టం పైచివర నైలాన్ బుష్, కిందిచివర ఫెల్ట్ (దళసరి ఉన్ని గుడ్డ లాంటిది) బుష్. కొందరు వీటిని బేరింగులు అంటారు గానీ ఈ కాలమ్‌లో బాల్స్ లాంటివేమీ ఉండవు. గొట్టాన్ని డ్యాష్ కింద పార్సిల్ షెల్ఫ్ దగ్గర ఒక బ్రాకెట్, క్లాంపు పట్టుకుంటాయి.

షాఫ్టు కిందిచివర ఎలాగూ పినియన్ పట్టుకుని ఉంటుంది. కాబట్టి ఫెల్ట్ పూర్తిగా పోయినా చేతికి పెద్దగా తెలియదు, గతుకుల్లో సన్నగా గలగలమంటుంది, అంతే. చేతికి తెలిసే ప్లే, అంటే వదులు కదలిక, దాదాపు అంతా పై బుష్‌దే. ఇండికేటరు ఆపే బొడిపె కూడా షాఫ్టుతోపాటే తిరుగుతుంది. షాఫ్టు గొట్టం మధ్యలోంచి ఒక పక్కకి జరిగితే ఆ బొడిపె ఒకవైపు తగులుతుంది, రెండోవైపు తగలదు. అంటే మూడో కంప్లయింటుకి స్విచ్చి మార్చనక్కర్లేదు.

విప్పకముందే చూసినవి

వీల్ ఊగుతోందంటే బుష్ ఒక్కటే కారణం కాదు. వీల్ నట్టు వదులై ఉండొచ్చు. బ్రాకెట్ క్లాంపు వదులై గొట్టమే కదులుతుండొచ్చు. పించ్ బోల్టు దగ్గర పళ్లు అరిగి ఉండొచ్చు, రాక్‌ని ఫ్లోరుకి పట్టి ఉంచే యూ బోల్టులు సడలి ఉండొచ్చు. వీటిని విడదీయడానికి చేతులు రెండు చాలు, కాకపోతే చూడాల్సినచోట పెట్టాలి. ఒక చెయ్యి వీల్ మీద, ఒక వేలు గొట్టానికీ షాఫ్టుకీ మధ్య సందులో. గొట్టం కదలకుండా షాఫ్టు ఒక్కటే కదిలితే బుష్. రెండూ కలిసి కదిలితే క్లాంపు. ఇక్కడ షాఫ్టు ఒక్కటే కదిలింది. వీల్‌ని తిప్పుతున్నప్పుడు కింద పినియన్ దానితోపాటే కదులుతోంది, అక్కడ ఆలస్యం లేదు.

తిప్పినప్పుడు ఉండే ఖాళీ వేరు, ఇలా ఊగడం వేరు. బ్రిటన్‌లో కార్లకి ఏటా చేసే ఎంఓటీ తనిఖీలో రాక్ అండ్ పినియన్ కార్లకు 380 మిల్లీమీటర్ల వీల్ మీద 13 మిల్లీమీటర్ల దాకా తిప్పుడు ఖాళీని ఒప్పుకుంటారు. ఈ కారులో అది ఆ హద్దుకి చాలా లోపల ఉంది. 2018 మే నుంచి అక్కడ 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఆ తనిఖీయే తప్పనిసరి కాదు. పాత కార్ల కాలమ్‌ల మీద పరాయి కన్ను పడే సందర్భం అలా ఒకటి తగ్గింది.

వీల్ వదిలితే పైకి లేస్తోందన్న మాట నాకు అప్పటికే అనుమానం తెప్పించింది. బుష్ అరిగిన షాఫ్టు తన బరువుకి కిందికి పడి ఉండాలి. మనం లేపితే లేవాలి, వదిలితే పడాలి. ఈ కారులో అంతా తలకిందులు. చేత్తో నొక్కితే దిగుతోంది, వదిలితే లేస్తోంది. బరువుకి ఎదురు తిరిగి షాఫ్టుని ఏదో స్ప్రింగులాగా పైకి ఎత్తి పెడుతోంది.

ముందు చక్రాలు నేల వదిలేలా కారుని ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, వీల్ తిప్పి చూశాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే రకమైన బిగువు. షాఫ్టు శాశ్వతంగా వంగి ఉంటే తిప్పుతున్నప్పుడు ఒకచోట బిగువు, ఒకచోట వదులు రావాలి. అలా లేదు. తర్వాత పార్సిల్ షెల్ఫ్ దగ్గర క్లాంపు బోల్టులు వదులు చేశాను. చివరి చుట్టు వదిలేసరికి కాలమ్ మొత్తం ఒక్కసారిగా పైకి ఎగిరింది, వేలు పట్టేంత ఎత్తుకి. మళ్లీ వీల్ తిప్పితే అదే స్టీరింగ్ రెండు వేళ్లతో తిరిగింది.

టార్చి వేసి బ్రాకెట్ చూస్తే విషయం తేలిపోయింది. అది ఫ్యాక్టరీ బ్రాకెట్ కాదు. కాలమ్‌ని కిందికి దింపి వీల్ కోణం మార్చే డ్రాప్ బ్రాకెట్. పొడుగు మనుషులు మినీలో తరచూ పెట్టించుకునే వస్తువే, పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. అయితే యూనివర్సల్ జాయింటు లేని కాలమ్‌లో పైచివర దించితే కిందిచివర కోణం కూడా మారాలి. అందుకోసం రాక్ యూ బోల్టులు సడలించి, రాక్ తన ఇరుసు మీద తాను కొద్దిగా దొర్లేలా చేసి, కొత్త కోణంలో మళ్లీ బిగించాలి. ఇక్కడ ఆ పని ఎవరూ చేయలేదు. రాక్ పాత కోణంలోనే ఉంది. కాలమ్‌ని బలవంతంగా కిందికి వంచి క్లాంపులో బిగించారు. ఉక్కు షాఫ్టు విల్లులాగా వంగి, ఎల్లవేళలా పైకి తన్నుతూ, ఆ తన్నుడంతా పై బుష్ మీద మోపుతోంది. పినియన్ బేరింగు మీద పక్కబరువు కూడా ఇదే లెక్కన పడుతోంది. వీల్ నేరుగా రావడానికి బద్ధకించడమూ దీనివల్లే, ఆ రాపిడిని దాటాకే కదా చక్రాలు దాన్ని వెనక్కి తిప్పేది.

ఓనరుని అడిగితే బ్రాకెట్ వేయించింది బుష్‌లు మొదటిసారి అరగడానికి ముందేనని చెప్పారు. ఆ రెండింటినీ కలిపి ఆలోచించే అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు, రావాల్సిన పని కూడా లేదు.

విప్పడం

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఏ కారుకైనా ఎర్త్ వైరు ముందు తీయాలి. 1968 మినీలో ఎర్త్ అయ్యేది ప్లస్ టెర్మినల్. అలవాటు కొద్దీ మైనస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలినప్పుడు నిప్పురవ్వలు చూడాల్సి వస్తుంది.

వీల్ నేరుగా పెట్టి, హారన్ బటన్ తీసి, షాఫ్టు మీదా వీల్ బాస్ మీదా గీత పెట్టాను. నట్టుని పూర్తిగా తీయకుండా కొన్ని మరల మీద ఉంచి, వీల్‌ని రెండు చేతులతో వెనక నుంచి తట్టాలి. నట్టు ఉంటుంది కాబట్టి ఊడినా మొహం మీదకి రాదు. రాకపోతే పుల్లరు (వీల్‌ని పట్టి లాగే పరికరం) పెట్టాలి. షాఫ్టు కొస మీద సుత్తితో కొట్టే అలవాటు కొందరికి ఉంది. ఈ కారులో ఆ దెబ్బ నేరుగా పినియన్‌కి తగులుతుంది. ఆ తర్వాతి తరం కార్లలో అయితే ఇంకా ప్రమాదం. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భద్రతా నియమాల దరిమిలా, గుద్దుకున్నప్పుడు ముడుచుకునే కాలమ్‌లు మామూలైపోయాయి. వాటిలో కొన్ని రకాలకి షాఫ్టు రెండు ముక్కలనీ చిన్న ప్లాస్టిక్ పిన్నులు పట్టి ఉంచుతాయి. ఒక్క సుత్తి దెబ్బకి అవి తెగిపోతాయి, తెగినట్టు పైకి కనిపించదు కూడా.

ఇండికేటరు వైర్లు విడదీసి, కింద పించ్ బోల్టు పూర్తిగా బయటికి తీశాను. వదులు చేస్తే సరిపోదు. పినియన్ చుట్టూ ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. అది ఉన్నంతసేపూ షాఫ్టు పైకి రాదు. పళ్లకి రెండువైపులా పెయింటు చుక్క పెట్టి, క్లాంపు విప్పి, కాలమ్‌ని పైకి లాగితే వచ్చేసింది.

బుష్‌లు ఏం చెప్పాయి

పై బుష్ పైవైపే అరిగింది. కిందివైపు మందం దాదాపు కొత్తదానిలాగే ఉంది. చేతుల బరువుకి అరిగిన బుష్ అయితే కిందివైపు పోవాలి. ఎవరైనా నా దగ్గరికి అరిగిన కాలమ్ బుష్ ఒక్కటే తెచ్చిచ్చి కారణం అడిగితే, మొదట అడిగేది కారులో ఉన్నప్పుడు దాని ఏ వైపు పైకి ఉండేదని. విప్పేముందు మార్కరుతో చిన్న గీత పెడితే చాలు, ఈ సమాచారం పోకుండా ఉంటుంది. అది పెట్టకుండా బుష్‌ని పీకి డబ్బాలో పడేస్తే కేసులో సగం సాక్ష్యం పోయినట్టే.

ఫెల్ట్ బుష్ ఒకవైపు అట్టలా అణిగి, నూనె ఎండి, ఇసుక పట్టి ఉంది. షాఫ్టు మీద బుష్ కూర్చునేచోట మెరుపు చుట్టూ సమానంగా లేదు. కారు నేరుగా పోతున్నప్పుడు పైకి ఉండే వైపు ఎక్కువగా మెరిసింది. మైక్రోమీటరుతో అక్కడా, అరగనిచోటా కొలిస్తే తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లోనే వచ్చింది. వేలిగోరుకి అంచు తగల్లేదు. షాఫ్టు పనికొస్తుంది. గోరుకి అంచు తగిలే షాఫ్టులో కొత్త బుష్ వేసి ప్రయోజనం లేదు, ఆ అంచే బుష్‌ని చెక్కేస్తుంది.

ముందు బుష్‌లు మార్చినాయన పనిని వంక పెట్టలేను. పై బుష్ గొట్టంలో సరిగ్గానే కూర్చుంది, ఫెల్ట్ అతుకు చక్కగా కలిసింది. షాఫ్టుని బెంచి మీద వి బ్లాకుల్లో పెట్టి తిప్పి, డయల్ గేజీతో చూస్తే నిటారుగానే ఉంది. వంపు అంతా కారులో బిగించినప్పుడు వచ్చినదే, విప్పగానే పోయింది. ఇది అదృష్టం.

ఏ బుష్ వేయాలి

ఓనరు అడిగిన "గట్టి రకం" మార్కెట్లో ఉంది. కిందివైపు ఫెల్ట్ బదులు అసిటాల్ బుష్ దొరుకుతుంది. అసిటాల్ మంచి ప్లాస్టిక్. నైలాన్ తేమ పీల్చి కొద్దిగా ఉబ్బుతుంది, అసిటాల్‌కి ఆ గుణం చాలా తక్కువ. కాబట్టి కొలత నిలుస్తుంది, ప్లే సన్నగా ఉంచొచ్చు. కానీ అది సర్దుకోదు. గొట్టం, షాఫ్టు, పినియన్ ఒకే గీత మీద లేకపోతే ఫెల్ట్ నలిగి ఊరుకుంటుంది. అసిటాల్ ఆ పక్కబరువుని వెనక్కి తన్నుతుంది, పోయి పోయి అది పినియన్ బేరింగు మీద పడుతుంది. పినియన్ చెడితే రాక్ మార్చాలి, మినీలో రాక్ బయటికి రావాలంటే ముందు సబ్‌ఫ్రేమ్ (ఇంజనునీ ముందు చక్రాలనీ మోసే చట్రం) దించాలి. ఫెల్ట్ ముక్కని కాపాడటానికి అంత పని నెత్తిన వేసుకునేవాళ్లు ఎవరుంటారు?

గీత సరిగ్గా కుదిరితే ఫెల్టే చాలు. కుదరకపోతే ఏదీ చాలదు. పైన కొత్త నైలాన్, కింద కొత్త ఫెల్ట్, అసలు కారులో వచ్చినట్టే వేశాను. రేసులకి వాడే కారైతే ఇంకోలా ఆలోచిస్తాను.

బాల్ బేరింగు ఉన్న కాలమ్‌ల సంగతి వేరు, కానీ అక్కడా ఇలాంటి చిక్కు ఒకటుంది. వీల్ ఎక్కువసేపు నేరుగానే ఉంటుంది కాబట్టి బాల్స్ ఏళ్ల తరబడి ఒకేచోట అదురుతూ కూర్చుని, తాము తిరిగే రింగులో (రేస్‌లో) చిన్న చిన్న గుంతలు చేస్తాయి. వీల్‌ని మధ్య నుంచి తిప్పబోతే గాడిలో పడి లేచినట్టు ఉంటుంది. గ్రీజు పెట్టినంత మాత్రాన అది పోదు, బేరింగు మార్చాల్సిందే.

బిగించడం

ఫెల్ట్‌ని గ్రాఫైట్ నూనెలో నానబెట్టాలి. పైన పూస్తే సరిపోదు, పిండితే నూనె కారేంత నానాలి. ఈలోగా షాఫ్టుని సన్నటి ఎమరీ పేపరుతో చుట్టూ తిప్పి రుద్ది తుప్పు తీశాను. నిలువునా రుద్దితే గీతలు పడి బుష్‌ని కోస్తాయి. గొట్టం లోపల పాత గ్రీజు, ఇసుక పోయేదాకా గుడ్డ లాగాను.

పై బుష్‌కి గ్రాఫైట్ గ్రీజు రాసి, అంచు ఉన్న వైపు పైకి ఉండేలా తోస్తే దాని బొడిపె గొట్టంలోని గాడిలో పడుతుంది. బుష్‌కి నిలువునా ఉండే చీలిక, గొట్టం లోపలికి నొక్కి ఉన్న చోటుకి ఎదురుగా రాకూడదు. వస్తే బుష్ అక్కడ తెరుచుకుని, బిగించిన రోజు నుంచే వదులుగా ఉంటుంది. ఫెల్ట్ రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఎదురెదురుగా ఆనాలి.

తర్వాత అసలు పని. రాక్‌ని మధ్యలో నిలపాలి. రాక్ హౌసింగ్‌లో ఒక ప్లాస్టిక్ బిరడా ఉంటుంది. అది తీసి పావు అంగుళం కడ్డీ దూర్చి, చక్రాలు కొద్దికొద్దిగా కదిపితే ఒకచోట కడ్డీ రాక్‌లోని గుంతలో దిగుతుంది. అదే సరైన మధ్య. కాలమ్‌ని పినియన్ మీదకి దించి, గాడి కుదిరాక పించ్ బోల్టు తోశాను. బోల్టు చేత్తో సాఫీగా పోవాలి. సుత్తి అడిగిందంటే షాఫ్టు ఇంకా పూర్తిగా దిగలేదని గ్రహించాలి. దీనికి మాన్యువల్ చెప్పే బిగువు 12 న్యూటన్ మీటర్లు. తక్కువే అనిపిస్తుంది, కానీ అంతకుమించి బిగిస్తే చెవులు వంగుతాయి.

డ్రాప్ బ్రాకెట్ ఉంచాలా, తీయాలా అని అడిగితే ఉంచమన్నారు. ఆయన మోకాళ్లు చూస్తే అది న్యాయమే అనిపించింది. రాక్ పక్కకి జరగకుండా హౌసింగ్ మీద, బాడీ మీద గీత పెట్టి, యూ బోల్టుల నట్లు సడలించాను. కాలమ్‌ని బ్రాకెట్‌లో పెట్టి పైన క్లాంపు బిగిస్తుంటే, కింద రాక్ తనంతట తాను కొద్దిగా దొర్లి కొత్త కోణానికి వచ్చింది. అప్పుడు యూ బోల్టులు నాలుగు కొసలూ వంతులవారీగా, సమానంగా బిగించాను.

ఇక్కడితో ఆపకూడదు. పైన క్లాంపు మళ్లీ వదులు చేయాలి. కాలమ్ ఎటూ ఎగరకుండా ఉన్నచోటే ఉంటే గీత కుదిరినట్టు. మొదటిసారి వదిలినప్పుడు ఇంకా కొద్దిగా పైకి లేచింది. యూ బోల్టులు మళ్లీ సడలించి రాక్‌ని చేత్తో మరికాస్త దొర్లించాక అలాగే నిలిచింది. ఆ పరీక్షకి పట్టే సమయం అయిదు నిమిషాలు కూడా కాదు. బ్రాకెట్ పెట్టినవాళ్లు ఆ రోజే ఇది చేసి ఉంటే ఈ కారు నా దగ్గరికి వచ్చేదే కాదు.

వీల్ గీతకి గీత కలిపి పెట్టి, నట్టు 47 న్యూటన్ మీటర్లకు బిగించాను. మధ్య కడ్డీ తీసి బిరడా పెట్టడం మరిచిపోకూడదు, మరిచి వీల్ తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చక్రాలు నేలకి దించకముందే ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పి, బ్రేకు పైపులకి గానీ వైర్లకి గానీ ఏమైనా తగులుతోందేమో చూశాను. రాక్ దొర్లింది కాబట్టి పక్క రబ్బరు బెల్లోలు మెలిపడ్డాయేమో కూడా చూడాలి. ఒకటి మెలిపడింది, క్లిప్పు వదులు చేసి సరిచేశాను. చివర్లో చక్రాల టో, అంటే ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి ఎంత సమాంతరంగా ఉన్నాయో, కొలిపించాను.

తర్వాత

వీల్ ఊగడం పోయింది, ఇండికేటరు రెండువైపులా ఆగుతోంది. స్విచ్చిని నేను ముట్టుకోనేలేదు. మలుపు తర్వాత వీల్ తిరిగి రావడంలో తేడా మాత్రం ఓనరుకి అన్నిటికన్నా నచ్చింది. "పవర్ స్టీరింగ్ పెట్టారా?" అని నవ్వారు.

ఏడాది తర్వాత సర్వీసుకి వచ్చినప్పుడు క్లాంపు వదిలి అదే పరీక్ష మళ్లీ చేశాను. కాలమ్ కదల్లేదు. పై బుష్‌లో వేలికి తగిలే ప్లే లేదు. పినియన్ దగ్గర మాత్రం నూనె చెమ్మ సన్నగా కనిపించింది. అన్నేళ్లు పక్కబరువు మోసిన సీలు అది, వంపు తీసేసినంత మాత్రాన కొత్తదైపోదు. ఇప్పటికి తుడిచి గీత పెట్టి ఉంచాం. చెమ్మ ఆ గీత దాటితే సీలు సంగతి చూస్తాం. ఎడమవైపు ట్రాక్ రాడ్ ఎండ్‌లో (రాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలులో) చిన్న ప్లే ఇప్పుడు చేతికి తెలుస్తోంది. ఇంతకుముందు కాలమ్ రాపిడిలో కలిసిపోయి అది బయటపడలేదు. దాన్ని మార్చి, టో మళ్లీ సరిచేసి పంపాను.